తప్పొప్పుల పట్టిక - దత్తాంశ పాలన: తెలుగు డిజిటల్ గ్రంథసూచీల నాణ్యతపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగు గ్రంథాల స్కాన్ ప్రతులు నేడు అంతర్జాలంలో పెద్దసంఖ్యలో లభిస్తున్నాయి. వాటిని వెతికి పట్టుకోవడానికి ఆధారమైన వివరాలు మాత్రం దోషభూయిష్ఠంగా ఉన్నాయి. కర్త పేరు, గ్రంథనామం, కూర్పు, ప్రచురణ కాలం వంటి అంశాల్లో ఉన్న ఈ దోషాలు, గ్రంథాలయాలూ విశ్వవిద్యాలయాలూ దత్తాంశ పాలనను అమలుచేయ పూనుకున్నప్పుడు స్పష్టంగా బయటపడతాయి. ఈ వ్యాసం ఆ దోషాలను వర్గీకరిస్తుంది. వాటిని సవరించే క్రమంలో జరిగే పొరపాట్లను విమర్శిస్తుంది. తెలుగులోని గ్రంథపరిష్కరణ సంప్రదాయం ఈ సమస్యకు ఎంతవరకు మార్గం చూపగలదో పరిశీలిస్తుంది. దిద్దుబాటు చరిత్రను భద్రపరచడమే దత్తాంశ నాణ్యతకు మొదటి షరతు అని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: దత్తాంశ నాణ్యత, దత్తాంశ పాలన, గ్రంథసూచి, పరిష్కరణ, పాఠాంతరం, కూర్పు, మెటాడేటా.

1. ప్రవేశిక

పాత తెలుగు పుస్తకాలలో మొదటనో చివరనో తప్పొప్పుల పట్టిక కనిపిస్తుంది. పుట, పంక్తి, తప్పు, ఒప్పు అనే గళ్ళతో ఉండే ఆ పట్టికను చాలామంది పాఠకులు చూడకుండా దాటిపోతారు. కాని అందులో ఒక పద్ధతి ఉంది. అది తప్పును దాచదు, అది ఎక్కడ పడిందో చూపుతుంది. దాని పక్కనే ఒప్పును నిలుపుతుంది. ఈ దోషానికి, ఈ సవరణకు తామే బాధ్యులమని ప్రకటించినవారు ఆ పట్టిక వెనుక ఉంటారు.

నేటి సమాచార నిర్వహణ శాస్త్రం దత్తాంశ పాలన అని వ్యవహరించేది స్థూలంగా ఇదే బాధ్యతను. ఒక సంస్థ వద్ద ఉన్న సమాచారం ఎవరి బాధ్యతలో ఉండాలి, ఏ ప్రమాణం ప్రకారం నమోదు కావాలి, తప్పు తేలితే ఎవరు ఏ ఆధారంతో దిద్దాలి అన్న విషయాలను ముందుగా నిర్ణయించుకొని పాటించే వ్యవస్థకు దత్తాంశ పాలన అని పేరు. ఈ భావన ప్రధానంగా వ్యాపార సంస్థల అవసరాల నుండి పెరిగింది. గ్రంథాలయాలకు ఇది పూర్తిగా కొత్త కాదు. తెలుగులో గ్రంథాలయ నిర్వాహకుణ్ణి మనం గ్రంథపాలకుడు అంటున్నాం. గ్రంథాలను పాలించేవాడు వాటి వివరాలను కూడా పాలించవలసినవాడే.

ఈ వ్యాసానికి విషయం తెలుగు గ్రంథాల డిజిటల్ సూచీలు. ఇక్కడ దత్తాంశం అంటే ఒక గ్రంథాన్ని గురించి సూచిలో నమోదైన వివరాలు. మెటాడేటా అని వ్యవహరించేది వీటినే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వంటి పథకాల ద్వారా వేలాది తెలుగు గ్రంథాలు స్కాన్ అయ్యాయి. నేటి పరిశోధకుడు మారుమూల గ్రంథాలయాలకు వెళ్ళకుండానే శతాబ్దం నాటి పుస్తకాన్ని చదవగలుగుతున్నాడంటే అది ఆ కృషి ఫలితమే. అయితే పుటలను స్కాన్ చేయడంలో చూపిన వేగాన్ని వివరాల నమోదులో కూడా చూపవలసి వచ్చింది. ఆ తొందర ఫలితాలను పరిశోధకులు నేటికీ అనుభవిస్తున్నారు.

2. దోషాల స్వరూపం

దోషాలన్నీ ఒక తరహావి కావు. కొన్ని లిపికి సంబంధించినవి, కొన్ని భాషాచరిత్రకు సంబంధించినవి, మరికొన్ని సాహిత్య చరిత్రలోని వివాదాలకు సంబంధించినవి. ఈ భేదాన్ని గుర్తించకపోతే సవరణ కూడా దోషమవుతుంది.

2.1 లిపిదోషాలు

తొలినాళ్ళ డిజిటల్ సూచీలలో తెలుగు గ్రంథనామాలను ఎక్కువగా రోమన్ లిపిలోనే నమోదు చేశారు. దీర్ఘాన్ని ఒకరు ఒక అక్షరంతోనూ, మరొకరు రెండు అక్షరాలతోనూ రాశారు. 'త', 'ట' లకు ఒకే రోమన్ అక్షరాన్ని వాడారు. భారతీయ లిపుల లిప్యంతరీకరణకు ఐ.ఎస్.ఓ. 15919 అనే ప్రమాణం 2001 నుండి ఉన్నా, నమోదు చేసేవారికి దాని శిక్షణ లేకపోతే ప్రమాణం ఉండీ ప్రయోజనం లేదు.

తెలుగు లిపిలోకి మారినంత మాత్రాన సమస్య తీరదు. 'భారతము', 'భారతం' యంత్రానికి రెండు వేర్వేరు మాటలు. 'తెనుఁగు', 'తెనుగు' వేరు. శకటరేఫతో రాసిన 'మఱి', సాధురేఫతో రాసిన 'మరి' వేరు. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాల కలయికగానూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. వాటిని సమానంగా మార్చుకొనే ఏర్పాటు లేని శోధనయంత్రానికి మాత్రం వేర్వేరుగా ఉంటాయి. దంత్య చ, జ లను సూచించే 'ౘ', 'ౙ' అక్షరాలు యూనికోడ్‌లో 2008లోనూ, నకారపొల్లు 2021లోనూ చేరాయి. అంతకుముందు వాటిని నమోదు చేయదలచినవారు ఏదో ఒక ప్రత్యామ్నాయాన్ని ఆశ్రయించక తప్పలేదు. కాబట్టి వెనుకటి నమోదులలో కనిపించే కొన్ని రూపాలు అజాగ్రత్త వల్ల వచ్చినవి కావు. ఆనాటి సాధనాల పరిమితి వల్ల వచ్చినవి.

2.2 కర్తృత్వ దోషాలు

సూచీలలో కర్త అన్న గడి సాధారణంగా ఒక్కటే ఉంటుంది. తెలుగు సాహిత్యంలోని కర్తృత్వం ఆ ఒక్క గడిలో ఇమడదు. ఆంధ్ర మహాభారతానికి కర్తలు ముగ్గురు. తిరుపతి వెంకట కవులు ఇద్దరు వ్యక్తులు, ఒక కవినామం. బీనాదేవి భార్యాభర్తలు ఉమ్మడిగా వాడిన కలంపేరు. ఆరుద్ర అసలు పేరు భాగవతుల సదాశివ శంకరశాస్త్రి. ఇంటిపేరు ముందు రావడం, దాన్ని పొడి అక్షరాలుగా కుదించడం వల్ల ఒకే రచయిత పలు పేర్లుగా విడిపోతాడు; ఒకే పేరుగల ఇద్దరు ఒక్కరిగా కలిసిపోతారు. వ్యాఖ్యాత పేరునో పరిష్కర్త పేరునో కర్తగా నమోదు చేసిన సందర్భాలు ప్రాచీన కావ్యాల విషయంలో పరిశోధకులకు అనుభవంలో ఉన్నవే.

ఈ దోషానికి చట్టపరమైన పర్యవసానం కూడా ఉంది. భారత కాపీరైటు చట్టం ప్రకారం రచయిత జీవితకాలంలో వెలువడిన సాహిత్య రచనపై హక్కు, ఆయన మరణించిన మరుసటి సంవత్సరం ఆరంభం నుండి 60 ఏళ్ళ వరకు ఉంటుంది. ఉమ్మడి రచన అయితే చివరగా మరణించిన కర్తను బట్టి లెక్కించాలి. దివాకర్ల తిరుపతిశాస్త్రి 1920లోనూ, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి 1950లోనూ మరణించారు. ఉమ్మడి కృతికి మొదటివారి పేరు మాత్రమే నమోదైతే, నేటి నియమంతో చేసే లెక్కలో 30 ఏళ్ళ తేడా వస్తుంది. ఇటువంటి దోషం వల్ల స్వేచ్ఛగా అందవలసిన గ్రంథం మూతపడవచ్చు, హక్కులున్న గ్రంథం అనుమతి లేకుండా బయటికి రావచ్చు.

2.3 కాలదోషాలు

పాత ప్రచురణలలో ప్రచురణ కాలాన్ని తెలుగు సంవత్సర నామంతోనో శకసంవత్సరంతోనో తెలిపిన సందర్భాలున్నాయి. ప్రభవాది సంవత్సరాలు 60 ఏళ్ళకు ఒకసారి తిరిగివస్తాయి. విరోధి అంటే 1889-90 కావచ్చు, 1949-50 కావచ్చు, 2009-10 కావచ్చు. పైగా సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది కాబట్టి నెల తెలియనప్పుడు క్రీస్తుశకంలో రెండు సంవత్సరాలకు అవకాశం ఉంటుంది. సూచిలోని గడి నాలుగంకెల సంఖ్యను మాత్రమే అంగీకరిస్తే, నమోదు చేసే వ్యక్తి తన ఊహను నిశ్చయంగా రాయవలసి వస్తుంది. సందేహాన్ని చెప్పడానికి చోటులేని పట్టిక అసత్యాన్ని తానే పుట్టిస్తుంది.

2.4 కూర్పుల సంకరం

గురజాడ అప్పారావు కన్యాశుల్కం 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయింది. 1909లో వెలువడిన రెండవ కూర్పు దాదాపు కొత్త నాటకం అనదగినంతగా మారింది. నేడు విస్తృతంగా ప్రచారంలో ఉన్నది ఈ రెండవ పాఠమే. ఒక సూచి కన్యాశుల్కం అన్న పేరు ఎదుట 1897 అని నమోదు చేసి, దానికి 1909 పాఠాన్ని అనుసరించిన తరువాతి ముద్రణను జతచేసిందనుకుందాం. ఆ ప్రతిని ఆధారం చేసుకొన్న పరిశోధకుడు 1890ల నాటి సంస్కరణోద్యమ భావజాలానికి నిదర్శనంగా చూపే సంభాషణ, నిజానికి పుష్కరకాలం తరువాత రాసినది కావచ్చు. ఇక్కడ సూచిలోని పొరపాటు సాహిత్య చరిత్రలోని పొరపాటుగా మారుతుంది.

కందుకూరి వీరేశలింగం రాజశేఖర చరిత్రము విషయంలోనూ పత్రికా ప్రచురణ కాలం వేరు, పుస్తకంగా వెలువడిన కాలం వేరు. తొలి నవల ఏది అన్న చర్చలో తేదీలకు ఎంత ప్రాధాన్యం ఉందో సాహిత్య విద్యార్థులందరికీ తెలుసు. ఒక గడిలో ఒక సంఖ్య మాత్రమే ఉన్నప్పుడు, అది దేని కాలమో చెప్పకపోతే ఆ సంఖ్య ఒప్పైనా ప్రయోజనం లేదు.

3. పాలన అమలులో జరిగే పొరపాట్లు

ఒక సంస్థ దత్తాంశ పాలన విధానాన్ని స్వీకరించిన వెంటనే దోషాల సంఖ్య పెరిగినట్లు కనిపిస్తుంది. అవి కొత్తగా పుట్టినవి కావు; లెక్కించడం మొదలుపెట్టినందువల్ల కనిపించినవి. ఈ దశలో మూడు పొరపాట్లు తరచుగా జరుగుతాయి.

మొదటిది, నాణ్యతను ఒకసారి చేసి ముగించే శుభ్రతగా భావించడం. కొందరు తాత్కాలిక సిబ్బందిని నియమించి, ఒక గడువు పెట్టి, వేలాది నమోదులను ఏకమొత్తంగా మార్చివేస్తారు. 'ఱ'ను అంతటా 'ర'గా మార్చితే శోధన సులభమవుతుంది కాని గ్రంథం ముఖపత్రం మీద ఉన్న రూపం నశిస్తుంది. శోధనకు ఉపయోగపడే రూపం వేరు, గ్రంథంలో ఉన్న రూపం వేరు. రెండింటికీ చోటివ్వవలసిన సందర్భంలో ఒకదాన్ని మరొకదానితో తుడిచివేయడం సవరణ అనిపించుకోదు.

రెండవది, వివాదాన్ని దోషంగా పొరబడడం. కవిజనాశ్రయాన్ని వేములవాడ భీమకవికి ఆపాదించినవారున్నారు, మల్లియ రేచన రచనగా నిర్ణయించినవారున్నారు. నన్నెచోడుని కుమారసంభవాన్ని 1909లో వెలుగులోకి తెచ్చిన మానవల్లి రామకృష్ణకవి ఆ కవిని నన్నయకు పూర్వుడన్నారు. తరువాతి పండితులు పలువురు అంగీకరించలేదు. రెండు సూచీలలో రెండు వేర్వేరు వివరాలు ఉంటే యంత్రం దానిని వైరుధ్యంగా గుర్తిస్తుంది. గడువుకు తొందరపడే నిర్వాహకుడు ఒకదాన్ని ఉంచి మరొకదాన్ని తొలగిస్తాడు. నూరేళ్ళ సాహిత్య చర్చను ఒక గుమాస్తా నిర్ణయంతో ముగించినట్లవుతుంది. అచ్చుతప్పుకు సవరణ కావాలి. పండితుల అభిప్రాయభేదానికి నమోదు కావాలి.

మూడవది, బాధ్యతను నిర్ణయించకపోవడం. విధానపత్రంలో సంఘాల పేర్లు ఉంటాయి. ఫలానా నమోదు తప్పని ఒక పాఠకుడు రాస్తే ఆ లేఖ ఎవరి బల్ల మీదికి చేరాలో ఉండదు. అనేక సంస్థల సూచీలను ఒకచోట చేర్చే సమాహార గ్రంథాలయాలలో ఈ లోపం మరింత నష్టం చేస్తుంది. సమాహార స్థాయిలో దిద్దిన తప్పు మూలసంస్థ వద్ద దిద్దకపోతే, వివరాలను మూలం నుండి యథాతథంగా మళ్ళీ సేకరించినప్పుడు తిరిగి ప్రత్యక్షమవుతుంది. దోషం ఎక్కడ పుట్టిందో అక్కడ దిద్దాలన్న నియమం లేని పాలన, కాగితం మీది పాలనగానే మిగులుతుంది.

4. పరిష్కరణ సంప్రదాయం: ఆదర్శం, పరిమితి

ఒకే వచనానికి భిన్నరూపాలు ఎదురైనప్పుడు ఏం చేయాలన్న ప్రశ్న తెలుగు పండితులకు చిరపరిచితం. సి.పి. బ్రౌన్ తాళపత్ర ప్రతులను సేకరించి, పండితుల చేత పలు ప్రతులను సరిపోల్చి శుద్ధప్రతులు సిద్ధం చేయించాడు. తరువాతి పరిష్కర్తలు ప్రతులకు సంకేతాలు ఏర్పరచి, స్వీకరించిన పాఠాన్ని పైన ఉంచి, విడిచిన పాఠాలను అధోజ్ఞాపికలలో చూపే పద్ధతిని పాటించారు. ఈ పద్ధతిలో నాలుగు నియమాలు ఇమిడి ఉన్నాయి: విడిచిన పాఠం కూడా కనిపించాలి, అది ఏ ప్రతిలోనిదో తెలియాలి, స్వీకరణకు హేతువు చెప్పాలి, పరిష్కర్త పేరు ఉండాలి. దత్తాంశ పాలన గ్రంథాలు మూలచరిత్ర, మార్పుల చరిత్ర, బాధ్యత అన్న పేర్లతో చెప్పేవి ఇవే.

అయితే ఈ సంప్రదాయాన్ని నిర్దోషమని కీర్తించడం విమర్శకు తగదు. వ్యాకరణానికో ఛందస్సుకో సరిపడలేదని పాఠాన్ని చెప్పకుండా మార్చిన పరిష్కర్తలు మనకున్నారు. ఏ ప్రతులను చూశారో చెప్పకుండానే వెలువడిన ముద్రణలు ఉన్నాయి. వేమన పద్యాల సంగతి మరొకటి. బ్రౌన్ 1829లో ప్రచురించిన నాటి నుండి నేటి వరకు వేమన పేర వచ్చిన సంకలనాలలో పద్యాల సంఖ్య మారుతూనే ఉంది. మకుటం ఉన్నంత మాత్రాన పద్యం వేమనది అని చెప్పలేమని పరిశోధకులు గుర్తించారు. గ్రంథం మీద ఉన్న పేరే కర్తృత్వానికి ప్రమాణం కాదన్నది సూచీకర్త ఇక్కడ నేర్చుకోవలసిన పాఠం.

మరొక పరిమితి పరిమాణానికి సంబంధించినది. పరిష్కర్త ఒక కావ్యం మీద ఏళ్ళ తరబడి పనిచేయగలడు. సూచీకర్త ముందు వేలు, లక్షల నమోదులు ఉంటాయి. ప్రతి నమోదుకూ పరిష్కర్త శ్రద్ధను కోరడం ఆచరణసాధ్యం కాదన్న అభ్యంతరం సమంజసమే. దీనికి సమాధానం శ్రద్ధను తగ్గించడంలో లేదు; ఎక్కడ ఎంత శ్రద్ధ అవసరమో నిర్ణయించుకోవడంలో ఉంది. దత్తాంశ నాణ్యతను వినియోగదారుని దృష్టి నుండి నిర్వచించాలని రిచర్డ్ వాంగ్, డయాన్ స్ట్రాంగ్ 1996లో ప్రతిపాదించారు. ఖచ్చితత్వం ఒక్కటే చాలదని, సమాచారం వాడేవారి పనికి తగినదై ఉండాలని వారి వాదం. తెలుగు సూచీలకు ఈ వాదాన్ని అన్వయిస్తే, పుస్తకం ఎన్ని సెంటీమీటర్ల ఎత్తు అన్న గడి ఖాళీగా ఉండడం చిన్న లోపం. ఎన్నవ కూర్పు అన్న గడి ఖాళీగా ఉండడం పెద్ద లోపం.

5. ఆచరణీయ మార్గం

పై పరిశీలన ఆధారంగా తెలుగు గ్రంథసూచీలకు ఈ క్రింది క్రమాన్ని సూచించవచ్చు.

మొదట దోషాలను పట్టిక వేయాలి. ప్రతి దోషానికీ అది ఏ నమోదులో ఉంది, ఎవరు గుర్తించారు, ఏ తరహాది, ఎవరికి అప్పగించారు, ఏమని తేలింది అన్న వివరాలు ఉండాలి. ఈ పట్టిక పాఠకులకు కూడా కనిపించాలి. పుస్తకానికి ఉన్న తప్పొప్పుల పట్టిక గ్రంథాలయానికి ఎందుకు ఉండకూడదు?

రెండవది, దోషాల తరహాను బట్టి అధికారాన్ని విభజించాలి. సంకేతలిపిలోని భేదాలను యంత్రం సరిచేయవచ్చు. ముఖపత్రంతో పోల్చి తేల్చగల పేర్లు, తేదీలు శిక్షణ పొందిన సిబ్బంది దిద్దాలి. కర్తృత్వం, కవికాలం, కూర్పుల సంబంధం వంటివి విషయనిపుణుల పరిధిలోనివి. అక్కడ కూడా నిర్ణయం అన్నది ఒక అభిప్రాయానికి ప్రాధాన్యం ఇవ్వడమే కావాలి. రెండవ అభిప్రాయం నమోదులో నిలిచి ఉండాలి.

మూడవది, గ్రంథాన్ని పలు స్థాయిలలో నమోదు చేయాలి. అంతర్జాతీయ గ్రంథాలయ సంఘాల సమాఖ్య 1998లో వెలువరించిన నివేదిక కృతి, దాని పాఠరూపం, ప్రచురణ, చేతిలో ఉన్న ప్రతి అన్న నాలుగు స్థాయిలను వేరుచేసింది. కన్యాశుల్కం కృతి, 1897, 1909 పాఠాలు రెండు రూపాలు, వాటి ముద్రణలు ప్రచురణలు, స్కాన్ చేసిన పుస్తకం ఒక ప్రతి. ఈ విభజనను పాటిస్తే కూర్పుల సంకరం చాలావరకు తొలగుతుంది.

నాలుగవది, పేర్లకు ప్రామాణిక పట్టిక ఉండాలి. ఒక రచయితకు ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చి, అసలు పేరు, కలంపేరు, పొడి అక్షరాల రూపం, రోమన్ రూపాలు అన్నిటినీ దానికి జతచేయాలి. గ్రంథం మీద ఏ పేరు ఉందో అదే నమోదులో ఉంటుంది. శోధన మాత్రం ఏ రూపంతో చేసినా ఫలిస్తుంది.

అయిదవది, సందేహానికి గడి ఉండాలి. 'సుమారు', 'ఊహించినది', 'వివాదాస్పదం', 'ముఖపత్రం లేదు' వంటి సూచనలను నమోదు చేసే వీలుండాలి. తెలియనిదాన్ని తెలియదని రాసిన నమోదు, తెలిసినట్లు రాసిన తప్పు నమోదు కంటే నాణ్యమైనది.

ఇవన్నీ ఒకేసారి సాధ్యం కావు. కొత్తగా చేరే గ్రంథాలకు నేటి నుండే నియమాలు వర్తింపజేసి, పాత నమోదులను వినియోగాన్ని బట్టి క్రమంగా సవరించడం మేలు. కొత్త తప్పుల రాకను ఆపకుండా పాత తప్పులను దిద్దుతూ పోతే ఆ పనికి అంతం ఉండదు.

6. ముగింపు

సూచీలలోని దోషాలు గ్రంథాలయ శాస్త్రానికి మాత్రమే చెందిన సమస్యగా సాహిత్య పరిశోధకులు భావించడం సరికాదు. సిద్ధాంత వ్యాసాలలో 'అలభ్యం', 'తొలి రచన', 'ఇంతవరకు ఎవరూ పరిశీలించలేదు' అన్న వాక్యాలు తరచుగా కనిపిస్తాయి. వాటిలో ఎన్ని నిజంగా సాహిత్య చరిత్రను గురించినవో, ఎన్ని శోధనపెట్టెలో టైపు చేసిన ఒక వర్ణక్రమం ఫలించకపోవడం వల్ల పుట్టినవో విచారించుకోవలసి ఉంది. సూచి ఇచ్చిన వివరాన్ని ముఖపత్రంతో సరిచూడకుండా ఉదాహరించినవారు ఆ దోషానికి ఒక ఆధారాన్ని అదనంగా సమకూర్చినవారవుతారు. తరువాతి సూచీకర్త ఆ సిద్ధాంత వ్యాసాన్నే ప్రమాణంగా చూపే ప్రమాదం ఉంది.

పరిశోధకులు సూచీల వినియోగదారులు మాత్రమే కారు, సృష్టికర్తలు కూడా. విశ్వవిద్యాలయాలకు సమర్పించే సిద్ధాంత వ్యాసాలు శోధగంగ వంటి నిధులలో చేరుతున్నాయి. వాటి శీర్షిక, పరిశోధకుని పేరు, కీలకపదాలు ఏ లిపిలో, ఏ రూపంలో నమోదు కావాలో నిర్ణయించే దశలో పర్యవేక్షకుడు, విభాగం పాల్గొనాలి. ఈ చిన్న శ్రద్ధ దత్తాంశ పాలనకు విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు వేయగల తొలి అడుగు.

నాణ్యమైన సూచి అంటే తప్పు లేని సూచి అన్న నిర్వచనం ఆచరణలో నిలవదు. తప్పు ఎక్కడ ఉండేదో, ఎవరు ఏ ఆధారంతో దిద్దారో, దిద్దినవారు పొరబడితే వెనుకటి రూపాన్ని ఎలా పునరుద్ధరించాలో చెప్పగల సూచిని మాత్రమే పరిశోధకుడు విశ్వసించగలడు. తప్పును, ఒప్పును ఒకే పంక్తిలో నిలిపిన పాత ముద్రాపకుల పద్ధతి డిజిటల్ కాలంలోనూ అనుసరణీయమే.